ఏ తలనొప్పి?

మా చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా తలనొప్పి అంటే మా నాయనమ్మ వెంటనే సొంఠికొమ్ము కోసం లేచేది కాదు. చేతిలో పని పక్కన పెట్టి, మొహంలోకి ఒకసారి తేరిపార చూసి, "ఎక్కడే?" అనేది. నుదుటి మీదా, కణతల్లోనా, మాడు మీదా, మెడ వెనకా? పొద్దున లేస్తూనే ఉందా, ఎండన పడి వచ్చాక మొదలైందా? ఏమన్నా తిన్నావా? కడుపులో తిప్పుతోందా? ఈ విచారణంతా అయ్యాక, అవసరమనుకుంటే సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి సొంఠి అరగదీసేది. ఆ పట్టు నుదుటి మీద పడగానే భగ్గుమనేది. ఆరుతున్నకొద్దీ చర్మం బిగుసుకుపోయేది. ఘాటుకు కళ్లు తెరవలేకపోయేవాళ్లం. ఒక్కోసారి మాత్రం సానరాయి జోలికే వెళ్లేది కాదు. "నీకు మందెందుకు, రెండు ముద్దలు మజ్జిగన్నం తిని పడుకో" అనేది. ఆ రోజు అదే మందు.

ఈ బాధకు తెలుగువాళ్లకు ఒక్క మాట చాలలేదు. తలనొప్పి, తలపోటు, తలదిమ్ము, తలబరువు, కణతల పోటు, పార్శ్వపు నొప్పి. పేర్లు వేరయ్యాయంటే బాధలు వేరని మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టారన్నమాట. ఆయుర్వేదంలో సూర్యావర్తమని ఒకటుంది. పొద్దెక్కుతున్నకొద్దీ పెరిగి, పొద్దు వాలితే తగ్గే తలనొప్పి అది. అర్ధావభేదకమని ఇంకొకటి, సగం తలను పట్టి పీడించేది.

ఇవాళ మీతో చెప్పాలనుకున్నది మన ఇంటి వైద్యం గురించి కాదు. చైనా సంప్రదాయ వైద్యంలో తలనొప్పిని మూలికలతో ఎలా నయం చేయాలని చూశారన్నది నా విషయం. అయినా మా నాయనమ్మతో మొదలుపెట్టడానికి కారణముంది. ఆ వైద్యమంతా ఆమె అడిగిన ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది: ఎక్కడ?

ముందుగా ఒక కథ. కథంటే కల్పన కాదు, చైనా చరిత్ర గ్రంథంలో ఉన్నదే. క్రీస్తుశకం రెండో శతాబ్దం చివర, హాన్ సామ్రాజ్యం ముక్కలవుతున్న కాలంలో, ఉత్తర చైనాను గుప్పిట్లో పెట్టుకున్న సేనాని త్సావ్ త్సావ్. అంతటివాడికీ లొంగని శత్రువు ఒకటుండేది, తలనొప్పి. వస్తే కళ్లు తిరిగి, మనసు చెదిరిపోయేదట. అప్పట్లో పేరుమోసిన వైద్యుడు హువా తువో వచ్చి సూది గుచ్చితే ఉపశమించేది. కొన్నాళ్లకు జబ్బు ముదిరింది. ఇది మొదలంటా పోయేది కాదు, ఎడతెగకుండా వైద్యం చేస్తే ఆయుష్షు కొంత పొడిగించవచ్చు అన్నాడు వైద్యుడు. ఆ మాట ప్రభువుకు రుచించలేదు.

కొలువులో ఉండలేక హువా తువో ఇంటికి వెళ్లిపోయాడు. పిలుపు వచ్చినప్పుడల్లా భార్యకు ఒంట్లో బాగాలేదని కబురు పంపేవాడు. త్సావ్ త్సావ్ మనుషుల్ని పంపాడు. భార్య జబ్బు నిజమైతే నలభై కొలతల చిన్న చిక్కుడు గింజలు ఇచ్చి, సెలవు పొడిగించి రండి, అబద్ధమైతే పట్టి తీసుకురండి అన్నాడు. అబద్ధమని తేలింది. వైద్యుణ్ణి చెరసాలలో వేసి చంపించాడు. చనిపోయే ముందు హువా తువో తన వైద్యమంతా రాసిన చుట్టను కాపలావాడి చేతికివ్వబోతే, శిక్షకు భయపడి వాడు తీసుకోలేదు. బలవంతపెట్టకుండా నిప్పు అడిగి కాల్చేశాడట. తరవాత త్సావ్ త్సావ్ ముద్దుల కొడుకు జబ్బుపడి 208లో చనిపోయాడు. హువా తువోను చంపుకోకుండా ఉండాల్సిందని ఆ తండ్రి అప్పుడు వాపోయాడు.

ఈ కథలో త్సావ్ త్సావ్ జబ్బుకు చైనావాళ్లు పెట్టిన పేరు తల గాలి. ఆ పేరు ఇప్పటికీ ఆ వైద్యంలో వాడుకలో ఉంది. గాలి అనే ఊహ వాళ్లకెందుకు వచ్చిందో కొంచెం ఆలోచిస్తే మనకూ అందుతుంది. గాలి చెప్పి రాదు. వచ్చినట్టే పోతుంది, పోయినట్టే పోయి మళ్లీ వస్తుంది. ఒకచోట నిలవదు. చెట్టులో ముందు కొమ్మ చివర్లనే ఊపుతుంది, అలాగే మనిషిలో ముందు తలను తాకుతుంది. మనం మాత్రం బస్సు కిటికీ పక్కన కూర్చుని ఊరెళ్లి దిగాక "ఎదురుగాలికి తల పట్టేసింది" అనమూ? చైనా వైద్యులు ఆ మాటనే పట్టుకుని శాస్త్రంగా పెంచారు.

వాళ్ల లెక్కలో గాలి ఒంటరిగా రాదు, తోడు తెచ్చుకుంటుంది. చలిని తోడు తెచ్చుకుంటే మెడ వెనక బిగుసుకుపోతుంది, తలకు గుడ్డ కట్టుకుంటే హాయిగా ఉంటుంది. వేడిని తెచ్చుకుంటే తల పగిలిపోతున్నట్టు ఉంటుంది, మొహం ఎర్రబడుతుంది, దాహం వేస్తుంది. తేమను తెచ్చుకుంటే తడిగుడ్డ చుట్టినట్టు బరువు. ఇవి బయటి నుంచి వచ్చేవి. లోపలి నుంచి పుట్టేవి వేరే ఉన్నాయి. కోపతాపాలతో కాలేయపు వేడి పైకి తన్నితే కణతలు టకటకా కొట్టుకుంటాయి. రక్తం తక్కువైతే సాయంత్రానికి సన్నగా, డొల్లగా నొప్పి మొదలవుతుంది. ఎప్పుడో తగిలిన దెబ్బ చోట రక్తం నిలిచిపోతే ఒకే చోట మేకు దిగేసినట్టు పోటు. వీళ్లు కాలేయం అన్నప్పుడు మన డాక్టరు స్కానింగులో చూసే కాలేయం అనుకోకండి. అది వాళ్ల పాత పరిభాష. మన వాతపిత్తకఫాల్లాగే దాన్ని దాని చోటనే ఉంచి అర్థం చేసుకోవాలి.

ఇక ఎక్కడ అన్న ప్రశ్న. ఒంట్లో ప్రాణశక్తి కొన్ని నాడీమార్గాల వెంట నడుస్తుందని వాళ్ల నమ్మకం. తలలో ఒక్కో భాగం ఒక్కో మార్గం ఏలుబడిలో ఉంటుంది. మెడ వెనక, తల వెనక భాగం ఒకదానిది. నుదురు, కనుబొమల పైభాగం ఇంకొకదానిది. రెండు కణతలూ మూడోదానివి. మాడు నాలుగోదానిది. పన్నెండు, పదమూడు శతాబ్దాల నాటి లీ దోంగ్‌యువాన్ అనే వైద్యుడు దీనికి మందుల పట్టీ కూడా ఖాయం చేశాడు. తలనొప్పి ఏదైనా సరే చువాన్‌షియోంగ్ అనే దుంప ఉండాల్సిందే. అది చాలకపోతే చోటును బట్టి ఒక దారి చూపే మూలికను జత చేయాలి. వెనకైతే చియాంగ్‌హువో, నుదురైతే బైజీ, కణతలైతే ఛాయ్‌హూ, మాడైతే వూజూయూ. ఉత్తరం మీద చిరునామా రాసినట్టే ఇది. మందు పొట్టలోకే వెళుతుంది కానీ, చేరాల్సిన వీధి పేరు ముందే రాసి పంపుతారన్నమాట.

ఈ పేర్లు వినడానికి కొత్తగా ఉన్నాయి, మనకేం అర్థమవుతాయి అనుకుంటున్నారేమో. ఒక మందును విప్పి చూపిస్తాను. మీ పోపులపెట్టెను గుర్తుచేసుకుంటూ వినండి.

సోంగ్ వంశపు పాలనలో, 1076లో, రాజధాని కైఫెంగ్‌లో ప్రభుత్వమే ఒక మందుల అంగడి తెరిచింది. కల్తీ లేని తయారు మందులు జనానికి చవగ్గా అందాలన్నది ఉద్దేశం. అక్కడ అమ్మే మందుల తయారీ విధానాల్ని పుస్తకంగా కూర్చారు. పలుమార్లు సవరించాక 1151లో దానికి ఇప్పుడున్న పేరు స్థిరపడింది. ఆ పుస్తకంలో ఉన్నదే తలనొప్పికి పేరుపడ్డ చువాన్‌షియోంగ్ ఛాతియావ్ సాన్. తెలుగులో చెప్పాలంటే టీతో కలిపి తాగే చువాన్‌షియోంగ్ చూర్ణం. తొమ్మిది వందల ఏళ్ల కిందటి ఈ మందు చైనాలో ఇవాళ్టికీ మందుల దుకాణంలో దొరుకుతుంది.

ఇందులో ఎనిమిది దినుసులు. ఆనాటి పాళ్లలో చెబుతాను. పుదీనా ఎనిమిది పాళ్లు. చువాన్‌షియోంగ్ నాలుగు, జింగ్‌జియే నాలుగు. బైజీ, చియాంగ్‌హువో, అతిమధురం రెండేసి. ఫాంగ్‌ఫెంగ్ ఒకటిన్నర. షీషిన్ ఒకటి. అన్నీ మెత్తగా దంచి, భోజనమయ్యాక చిటికెడు పొడిని పచ్చటి టీతో తాగాలి.

ఇప్పుడు వీళ్ల ఇంటిపేర్లు చూద్దాం. చువాన్‌షియోంగ్, బైజీ, చియాంగ్‌హువో, ఫాంగ్‌ఫెంగ్, ఈ నాలుగూ మన కొత్తిమీర, వాము, జీలకర్ర, సోంపు పుట్టిన కుటుంబంలోవే. గొడుగులా విచ్చుకునే పూలగుత్తి, నలిపితే ఘాటైన వాసన, ఆ కుటుంబపు గుర్తులు. పుదీనా, జింగ్‌జియే రెండూ మన తులసి కుటుంబం. అతిమధురం మన కంది, పెసర పుట్టిన కుటుంబం. ఎనిమిదింటిలో ఏడు చుట్టపుచూపుగా మన వంటింట్లోకో పెరట్లోకో వచ్చి పోయేవే. ఎనిమిదోది షీషిన్. దాని చుట్టాలు వేరు. దాని సంగతి చివర్లో చెబుతాను, మరిచిపోకండి.

చైనా వైద్యులు ఒక మందును రాజసభలా చూస్తారు. అందులో ఒక రాజు, కొందరు మంత్రులు, సహాయకులు, ఒక దూత ఉంటారు. ఈ చూర్ణంలో తూకానికి పుదీనాదే పెద్ద వాటా. అయినా సింహాసనం చువాన్‌షియోంగ్‌ది. కొలువులో బరువును బట్టి పదవి రాదు కదా. రాజు కణతల్నీ మాడునూ చూసుకుంటాడు. నుదుటి భారం బైజీది, మెడ వెనకది చియాంగ్‌హువోది. జింగ్‌జియే, పుదీనా, ఫాంగ్‌ఫెంగ్ గాలిని బయటికి తోలతాయి. అతిమధురం దూత, అందరి మధ్యా పొత్తు కుదురుస్తుంది. మరి టీ ఎందుకు? ఈ దినుసుల్లో చాలావి పైకి లేచే స్వభావం గలవి, వేడి చేసేవి. టీ చేదు, చలువ. వాటిని ఒక కంట కనిపెట్టి కిందికి లాగుతుంది. ఇది వాళ్ల వివరణ. టీలో కెఫీన్ ఉందన్నది మన కాలపు సమాచారం. మనం కొనే తలనొప్పి మాత్రల్లో కొన్నింటిలో కూడా కెఫీన్ కలిపే ఉంటుంది. ఇద్దరి దారులూ వేరే, గ్లాసు మాత్రం ఒకటే.

ఆ రాజుగారి పుట్టిల్లు కూడా చూసి వద్దాం. చువాన్ అంటే సిచువాన్. అక్కడ మిన్ నది మీద దుజియాంగ్‌యాన్ అని రెండు వేల ఏళ్లు దాటిన సాగునీటి కట్టడం ఉంది. ఆ నీరు పారే మైదానమే చువాన్‌షియోంగ్‌కు పేరుపొందిన నేల. అక్కడి రైతులు దీన్ని గింజ నుంచి పండించరు. చెరకు గడల్ని కణుపుల దగ్గర కోసి నాటినట్టే, కాండం కణుపుల్ని నాటుతారు. ఆ కణుపుల కోసం మొక్కను ముందు చల్లటి కొండల మీద పెంచి, కోసి, ఆగస్టు ప్రాంతంలో మైదానానికి దించుతారు. పంట మరుసటి మే నెలాఖరుకు చేతికొస్తుంది. గుప్పెడంత గడ్డ, పైనంతా బొడిపెలు. ఎండబెట్టి పలచగా చీలికలు కోస్తే అంచులు వంకర్లు తిరిగి, నడుమ రెండుగా విచ్చుకుని రెక్కలు చాపిన సీతాకోకచిలుకలా ఉంటాయి. దుకాణదారులు వాటిని సీతాకోక చీలికలనే పిలుస్తారు. వాసన ఘాటు, రుచి చేదు, చివర్లో నాలుక మీద ఒక చిన్న తీపి.

తలనొప్పి మూలికల్లో ఇంకొక విచిత్రం తియాన్‌మా. ఇది ఆర్కిడ్ జాతి. దీనికి పచ్చటి ఆకు లేదు, సరైన వేరు లేదు, ఎండతో పనే లేదు. భూమిలో బంగాళదుంపలా పడుంటుంది. కుళ్లుతున్న కట్టెను తినే ఒక శిలీంధ్రం దీని దుంపలోకి చొచ్చుకొస్తే, దాన్నే ఇది తిరిగి జీర్ణం చేసుకుని బతుకుతుంది. తినడానికొచ్చినవాడినే తినేసే రకమన్నమాట. దీని గింజ ధూళికంటే సన్నం. అది మొలకెత్తడానికి ఇంకో శిలీంధ్రం తోడు కావాలి. ఈ రహస్యం తెలియనంతకాలం అడవిలో దొరికిన దుంపే గతి. 1960ల తరవాత చైనా శాస్త్రజ్ఞులు ఈ లంకె పట్టుకుని, కట్టెల మీద శిలీంధ్రాన్ని పెంచి, దాని పక్కన దుంపను పెట్టి సాగులోకి తెచ్చారు. కణతలు కొట్టుకుంటూ, కళ్లు తిరిగే తలనొప్పికి తియాన్‌మా ముఖ్యమైన దినుసు. యున్నాన్, గుయ్‌జౌ ప్రాంతాల్లో కోడికూరలో వేసి వండుకుంటారు కూడా.

మాడు నొప్పి మాటకొస్తే, సుమారు క్రీస్తుశకం 200 నాటి జాంగ్ జోంగ్‌జింగ్ గ్రంథంలో నాలుగే దినుసుల కషాయం ఒకటుంది. వూజూయూ కాయలు, జిన్సెంగ్ వేరు, పచ్చి అల్లం, రేగుపళ్లు. తలనొప్పితోపాటు వాంతి వచ్చినట్టై, నోట్లో నీళ్లూరి ఉమ్ముతూ ఉండేవాళ్లకు ఇమ్మన్నాడాయన. ఆ వర్ణన వింటే మనలో చాలామందికి తమ పార్శ్వపు నొప్పే గుర్తొస్తుంది. ఈ కషాయం సముద్రం దాటి జపాన్ వెళ్లింది. ఇవాళ అక్కడి ఎంబీబీఎస్ స్థాయి డాక్టర్లే దాన్ని పొడి రూపంలో పార్శ్వపు నొప్పికి రాసిస్తున్నారు. ఇలాంటి పాత మందులు చాలావాటిని 1976లో జపాన్ ప్రభుత్వ బీమా కిందికి తెచ్చారు.

ఇక కషాయం కాచే తీరు. దుకాణంలో గోడంతా చిన్న చిన్న సొరుగులు. సన్నటి త్రాసుతో ఒక్కో దినుసూ తూచి, కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. ఇంటికొచ్చి మట్టికుండలో అరగంట నానబెట్టాలి. ఇనుప గిన్నె పనికిరాదు. ఒకసారి కాచి వంచుకుని, అదే మూలికల్లో మళ్లీ నీళ్లు పోసి రెండోసారి కాచి, రెండూ కలిపి, పొద్దునా సాయంత్రం పంచుకుని తాగాలి. పుదీనా లాంటి వాసన దినుసుల్ని దించబోయే ముందు ఐదు నిమిషాలే వేయాలి. ముందే వేస్తే వాసనతోపాటు గుణమూ ఆవిరైపోతుంది. చారులో కొత్తిమీర ఎప్పుడు వేయాలో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

కషాయాలు కాచే ఓపిక లేని రోజుల కోసం ఇంకో దారి ఉంది, పైపూత. ఇక్కడ కథ మన దగ్గరికొస్తుంది. ఒకప్పుడు ఉత్తరాంధ్ర పల్లెల నుంచి జనం పొట్టకూటికి రంగం వెళ్లేవారు. రంగమంటే రంగూన్. అదే ఊళ్లో ఫుజియాన్ నుంచి వచ్చిన ఆవ్ చూ కిన్ అనే చైనా మూలికా వైద్యుడు 1870లలో చిన్న దుకాణం పెట్టుకున్నాడు. 1908లో ఆయన పోయాక కొడుకులిద్దరూ తండ్రి లేపనాన్ని మెరుగుపరిచి లోకానికి అమ్మారు. పెద్దవాడి పేరులో పులి ఉంది. అదే టైగర్ బామ్. కర్పూరం, పుదీనా పువ్వు అనే మెంథాల్, లవంగ నూనె, కాజుపుట్ నూనె అందులో ముఖ్యమైనవి.

అంతకుముందే, 1893లో, కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ పసుపుపచ్చ డబ్బా సంపాదించి పెట్టిన డబ్బుతోనే ఆయన 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు, 1924లో భారతి పత్రిక మొదలుపెట్టారు. తెలుగువాళ్ల తలనొప్పి తెలుగు పత్రికల్ని పోషించిందంటే అతిశయోక్తి కాదు. ఒక చైనా కుటుంబం, ఒక తెలుగు పంతులుగారు, ఒకరికొకరు సంబంధం లేకుండా ఇంచుమించు ఒకే కాలంలో ఒకే రకమైన డబ్బా తెరిచారు.

పుదీనా పువ్వు నుదుటికి రాసుకుంటే చల్లగా ఎందుకుంటుందో ఇప్పుడు తెలుసు. చల్లదనాన్ని పసిగట్టే గ్రాహకాలు చర్మపు నరాల్లో ఉన్నాయి. పుదీనా వాటిని తట్టి లేపుతుంది, నిజంగా చల్లబడకుండానే చల్లబడ్డామని మెదడుకు కబురు వెళుతుంది. ఆ గ్రాహకాన్ని పుదీనా సాయంతోనే గుర్తించిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు, స్పర్శ, వేడి, చలి గ్రహింపు మీద చేసిన కృషికిగాను 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మామూలు బిగువు తలనొప్పికి 10 శాతం పుదీనా నూనె రాస్తే పారాసెటమాల్‌కు దీటుగా పనిచేసిందని 1996లో జర్మనీలో ఒక చిన్న పరిశోధన చెప్పింది. చిన్నదే అయినా, ఎనిమిది పాళ్ల పుదీనా వేసిన కైఫెంగ్ అంగడివాళ్లు వింటే సంతోషించేవారు.

మరి మిగతా మూలికల మాటేమిటి? నిక్కచ్చిగా చెప్పుకోవాలి. చైనాలో ఈ చూర్ణం మీద, ఈ కషాయాల మీద పరిశోధనలు చాలానే జరిగాయి. చాలావాటిలో మంచి ఫలితాలే రాశారు. కానీ వాటిలో ఎక్కువ భాగం చిన్నవి, పకడ్బందీగా చేయనివి. ఇంత ఘాటైన కషాయానికి ఉత్తుత్తి మందు తయారుచేసి రోగిని నమ్మించడమూ కష్టమే. అందుకని మేలు చేయవచ్చు అనగలం. ఖాయంగా చేస్తుందని ఇప్పుడే అనలేం.

కీడు సంగతి మాత్రం అంత సందేహంగా లేదు. ఎనిమిదో దినుసు షీషిన్ గుర్తుందా? సన్నటి వేళ్ల మొక్క. నమిలితే నాలుక మొద్దుబారుతుంది. దీన్ని ఎక్కువ వాడకూడదని చైనా వైద్యులు పూర్వం నుంచీ హెచ్చరిస్తూనే ఉన్నారు. దీని చుట్టాల్లో అరిస్టలోకిక్ ఆమ్లమనే విషం ఉంది. అది మూత్రపిండాల్ని శాశ్వతంగా దెబ్బతీస్తుంది, క్యాన్సర్ కూడా తెచ్చిపెడుతుంది. షీషిన్ ఆకుల్లో అది ఎక్కువ, వేళ్లలో తక్కువ. అందుకే 2005 నాటి చైనా ఔషధ ప్రమాణ గ్రంథం ఆకులు పక్కనపెట్టి వేళ్లే వాడాలని నియమం పెట్టింది. 1990ల మొదట్లో బెల్జియంలో ఒళ్లు తగ్గించే మాత్రల్లో ఒక చైనా మూలికకు బదులు, పేరులో పోలిక ఉన్న ఇదే కుటుంబపు మొక్క కలిసింది. వందకు పైగా ఆడవాళ్ల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. పేరు పోలిక ఎంత పని చేసిందో చూడండి. ఇది దూరదేశపు ముచ్చట అని ఊరుకోవడానికి లేదు. మన నాటు వైద్యంలో వాడే ఈశ్వరి వేరు కూడా ఆ కుటుంబందే.

తియ్యగా ఉండే అతిమధురానికీ ఒక హద్దుంది. రోజుల తరబడి వాడితే రక్తపోటు పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. చువాన్‌షియోంగ్ రక్తం గడ్డకట్టకుండా చేసే మందులతో కలిసి వాటి బలం పెంచవచ్చు. గుండె జబ్బుకు అలాంటి మాత్రలు మింగేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వీటిని డాక్టరుకు చెప్పకుండా ముట్టకూడదు. ఇక ఫోన్లో ఆర్డరిస్తే ఇంటికొచ్చే మూలికా గుళికల్లో ఏమున్నదో ఆ దేవుడికే ఎరుక. మూలిక పేరు చెప్పి లోపల ఇంగ్లీషు నొప్పిమాత్రల పొడి కలిపి అమ్మినవాళ్లు అనేక దేశాల్లో పట్టుబడ్డారు. హాంగ్‌జౌలో 1874లో పెట్టిన హూ చింగ్‌యూ థాంగ్ అనే మందుల దుకాణంలో ఒక ఫలకం ఉంది. మోసం చేయకు అని దాని అర్థం. దుకాణాల్లో ఫలకాలన్నీ కొనేవాళ్లకు కనిపించేలా వేలాడతాయి. అది మాత్రం లోపలివైపు తిరిగి ఉంటుంది, అమ్మేవాళ్లు చదువుకోవడానికి.

అసలు చైనా వైద్యం ప్రకారమే చూసినా, మూలిక పేరు విని కొనుక్కుని మింగడం తప్పు వైద్యం. వేడి తలనొప్పికి చలి తలనొప్పి మందు ఇస్తే నిప్పులో నెయ్యి పోసినట్టని వాళ్లే అంటారు. ఇదే చూర్ణాన్ని కాలేయపు వేడితో వచ్చే తలనొప్పికి, రక్తం తక్కువైన తలనొప్పికి ఇవ్వకూడదన్నది వాళ్ల నియమం. చూడడం, వినడం, అడగడం, తాకడం, ఇవి వాళ్ల నాలుగు పరీక్షలు. నాలుక చాపమని దాని రంగూ పూతా చూస్తారు. రెండు మణికట్ల దగ్గరా మూడేసి వేళ్లు పెట్టి నాడి చూస్తారు. జ్వరమా చలా, చెమట పడుతోందా, ఆ వెంటనే తల ఎలా ఉంది అని వరసగా అడగాల్సిన పది ప్రశ్నల్ని విద్యార్థులు పాటలా వల్లెవేస్తారు. మందు చీటీ చివర్లో వస్తుంది. మనం దుకాణంలో కొనుక్కోగలిగింది ఆ చివరిదాన్నే. ముందున్న పది ప్రశ్నలూ ఎవరూ పొట్లం కట్టి ఇవ్వరు.

ఈ మాట ఇంగ్లీషు మాత్రలకూ వర్తిస్తుంది. నెలలో పదిహేను రోజులు, అంతకుమించి మామూలు నొప్పిమాత్రలు మింగుతూ నెలలు గడిపితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. కొన్ని రకాలకైతే పది రోజులే హద్దు. నొప్పి కోసం మాత్ర, మాత్ర వల్ల నొప్పి. ఆ గానుగ నుంచి బయటపడాలంటే డాక్టరు సాయం కావాలి.

కొన్ని తలనొప్పులకు మాత్రం సొంఠీ వద్దు, సీతాకోక చీలికలూ వద్దు, ఆలస్యం అసలే వద్దు. పిడుగు పడ్డట్టు క్షణాల్లో విరుచుకుపడినది, జ్వరంతో మెడ వంగకుండా చేసినది, మాట తడబడి, మూతి వంకరపోయి, కాలూ చెయ్యీ పట్టు తప్పించినది, తలకు దెబ్బ తగిలాక మొదలైనది, యాభై దాటాక జీవితంలో ఎన్నడూ లేనట్టు వచ్చినది, నెలలు నిండుతున్న గర్భిణికి చూపు మసకతో వచ్చినది. వీటిలో ఏదైనా సరే, నేరుగా ఆసుపత్రికే.

మిగతావాళ్లందరికీ ఖర్చులేని మందు ఒకటి చెప్పి సెలవు తీసుకుంటాను. పాత క్యాలెండరో, పాల చిట్టా పుస్తకమో తీయండి. తలనొప్పి వచ్చిన రోజున నాలుగు ముక్కలు రాయండి. తలలో ఏ చోట, ఎన్నింటికి మొదలై ఎన్నింటికి తగ్గింది, ముందురోజు నిద్ర ఎలా పట్టింది, ఏం తిన్నారు లేక ఏ పూట మానేశారు, ఆడవాళ్లైతే నెలసరి తేదీ, మాత్ర వేసుకుంటే అదేమిటి. రెండు నెలలు రాసి, ఆ కాగితం మీ డాక్టరు ముందు పెట్టండి. ఆయన అల్లోపతీ కావచ్చు, ఆయుర్వేదం కావచ్చు, అడగాల్సిన మొదటి ప్రశ్నకు జవాబు అందులో ఉంటుంది.

మా నాయనమ్మకు చదువు రాదు, ఏమీ రాసిపెట్టలేదు. హువా తువో రాసింది బూడిదైపోయింది. మీ తలనొప్పి సంగతి మీ చేత్తో రాసిన కాగితం మాత్రం మీ దగ్గరుంటుంది.